కత్తెరకు పోయిన పేరు

ఆ ఎర్రబల్బు వెలిగేదాకా నోరు తెరవొద్దన్నారు, వెలిగాక నోరు మూయొద్దన్నారు. ఇదీ వీళ్ళ చదువు. రెండేళ్ళపాటు పిల్లల్ని కూర్చోబెట్టి, తీగలు అతికించడం, పెట్టెలు విప్పడం, విప్పినవి మళ్ళీ బిగించలేక తిట్లు తినడం నేర్పించి, చివరికి ఒక ముసలిదాన్ని పట్టుకొచ్చి గదిలో పెట్టి, తలుపు మూసి, మాట్లాడు అంటున్నారు. మాట్లాడటానికి కాలేజీ కట్టారు ఈ జర్కా పట్నంలో. మా సందులోకి పొద్దున్నే వచ్చే కూరగాయల బండివాడు అరిస్తే పడుకున్న శవం కూడా లేచి వంకాయలు బేరమాడుతుంది, వాడు ఏ కాలేజీలో చదివాడట? గదికి ఒకటే కిటికీ. దాని అద్దం ఎప్పుడు తుడిచారో గాని, ఎండ కూడా మురికిపట్టే లోపలికి వస్తోంది. బల్ల మీద నిబాల్ చేసిన పెట్టె, పెట్టెలోంచి కోడి పేగుల్లా వేలాడే తీగలు, అందులో ఒకటి కిటికీ సందులోంచి మేడ మీదికి, అక్కడ బట్టలారేసుకునే దండెంలాంటి ఇనప కడ్డీ. నా ముఖానికి ఎదురుగా మైకు, దాని నెత్తిన నల్ల స్పాంజి టోపీ, ఎందరి తుంపర్లు తాగిందో అది. గ్యాసు కట్టేశానా? కట్టేశాను. కట్టేసి, తాళం వేసి, తాళం తీసి మళ్ళీ వెళ్ళి చూశాను. నిబాల్ మెట్ల మీద నిలబడి, "నానమ్మా, ఆ పొయ్యికి నువ్వంటే భయం, నువ్వు లేకుండా అది వెలగదులే, రా" అంది. నవ్వించడం చేతనవును దానికి. నాకు నవ్వు రాలేదు. గడప దాటిన ప్రతిసారీ నాకు మా అమ్మ గుర్తొస్తుంది, సాయంత్రానికి వచ్చేస్తాం కదా అని కోళ్ళకి గింజలు చల్లి, అవి తినడం కూడా చూడకుండా బయల్దేరిన మా అమ్మ. ఆ సాయంత్రం ఇంకా రాలేదు.

నిబాల్ నా కొడుకు గాజీ కూతురు. బడి చివర రాసే తౌజిహీ పరీక్షలో దానికి మార్కులు చాల్లేదు. చాలనివాళ్ళకి యూనివర్సిటీ గేటు మూసి, ఈ కమ్యూనిటీ కాలేజీ గేటు తెరుస్తారు. కమ్యూనికేషన్ టెక్నాలజీలో డిప్లొమా అట. మా కోడలు ఇంతిసార్ వాళ్ళ అక్క, ఎవరిదో పెళ్ళిలో మన్సఫ్ పళ్ళెం ముందు కూర్చుని, నోట్లో మాంసం ముక్క అలాగే ఉంచుకుని, "అంటే ఏమిటమ్మా, ఫోన్లు బాగుచేసే దుకాణంలో కూర్చుంటావా?" అని అడిగింది. "కూర్చుంటాను ఖాలా, నీ ఫోన్ తీసుకురా, అందులో నువ్వు తిట్టినవాళ్ళ జాబితా చెరిపేస్తాను" అంది మా పిల్ల. ఆవిడ మీద నాకెంత ఏవగింపో ఈ కాలేజీ మీదా అంతే. పెచ్చులూడిన గోడలు, ప్రతి గోడకీ ఎవరో పెద్దమనిషి ప్రారంభించాడని ఒక రాయి, గేటు దగ్గర ఎండకి ఎండిపోయిన గులాబీ మొక్కలు, వాటికి నీళ్ళు పోయడానికి కూడా ఏదో కోర్సు పెట్టాలి కాబోలు. అయినా గాజీ స్పష్టంగా చెప్పేశాడు, ఈ ప్రాజెక్టు పోతే చదువు చాలు, కుట్టు ఫ్యాక్టరీ బస్సు మన సందు చివరే ఆగుతుంది, ఎక్కు అని. కుట్టు పనిని నేను తక్కువ చెయ్యను, నా చూపు సగం పోగొట్టుకున్నది సూది మీదే. కాని ఆ పిల్ల చేతివేళ్ళు తీగల మధ్య తిరుగుతుంటే చూశాను. మా అమ్మ పిండి పిసికేటప్పుడు వేళ్ళు అలా తిరిగేవి, ఎవరూ చెప్పకుండా.

పొద్దున్న గేటు దగ్గర దాని మాస్టారు ఎదురొచ్చాడు. లువాయ్ అట పేరు, ఇంజనీరట. జుట్టుకి రాసిన నూనె మా వీధి దీపానికి పోస్తే తెల్లారేదాకా వెలుగుతుంది. "హజ్జా, కంగారేం లేదు" అన్నాడు. మక్కా మొహం చూడని నన్ను హజ్జా అంటాడు, ముసలిదైతే చాలు వీళ్ళకి. "ఒకటి, రెండు, మూడు అని చెబుతూ ఉండండి చాలు. గొంతు వస్తోందా లేదా అన్నదే మాకు కావాలి, మాటలతో పని లేదు."

"మాటలతో పని లేకపోతే నన్నెందుకు తెచ్చుకున్నావు నాయనా, ఒక గాడిదని తెచ్చుకోలేకపోయావా? దాని గొంతు నాకంటే గట్టిది."

నిబాల్ నా మోచెయ్యి గిల్లింది. అతను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు, ముసలివాళ్ళు ఏమన్నా నవ్వెయ్యాలని వాళ్ళకి ఎవరో నేర్పారు. అతను అటు వెళ్ళగానే పిల్ల నా తలగుడ్డ సర్దుతూ అసలు సంగతి బయటపెట్టింది. "నానమ్మా, లెక్కలు వద్దు. మీ రోజుల్లో రేడియోలో చెప్పేవాళ్ళే క్షేమ సమాచారం, అది చెప్పు. నీ గొంతు ఈ గదిలోంచి గాలిలో ఎగిరి అవతలి హాల్లో పరీక్షాధికారుల ముందున్న స్పీకర్లోకి వెళ్తుంది. అది ప్రాజెక్టులో సగం. అక్కడినుంచి దాన్ని ఫోన్లోకి ఎక్కిస్తాను, అది రెండో సగం. ఫోన్ అవతల ఎవరుంటారో తెలుసా? తమామ్ నానమ్మ." దానికి తెలియదు, చిన్నపిల్ల, మంచి పని చేస్తున్నాననుకుంది. ముసలివాళ్ళిద్దరికీ ఒక ముచ్చట తీరుతుందనుకుంది. "ఒక్కటే మాట, మధ్యలో ఆగకు. నువ్వు ఆగితే లింకు తెగిందనుకుంటారు, మార్కులు పోతాయి. దగ్గినా సరే, ఏదో ఒకటి అంటూ ఉండు."

తమామ్ మా అక్క. నది అవతల, ఇంకో దేశంలో, ఉమ్మల్ ఫహమ్‌లో ఉంటుంది. కళ్ళు పోయాయి, కాళ్ళు పోయాయి, చెవులు మాత్రం ఉన్నాయి. మా తమ్ముడు రిజ్క్ మొన్న చలికాలంలో పోయాడు. తమామ్‌కి ఆ సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. చెప్పలేదని నిబాల్‌కి తెలియదు.

ఇప్పుడు ఈ బల్బు వెలిగితే నేను ఇంటిల్లిపాది పేర్లు చెప్పాలి. రిజ్క్ పేరు చెప్పాలా, మానాలా? పేరు చెబితే అబద్ధం. మానితే, ఆ మానడమే కబురు. అది ఈ కాలేజీలో ఎవడికీ తెలియదు, ఆ నూనె జుట్టువాడికి అసలే తెలియదు. మాటలతో పని లేదట వాడికి.

రేడియో బండి గుర్తొస్తోంది. యుద్ధంలో ఊరు వదిలి వచ్చి మేం తలదాచుకున్న జెనీన్ పక్క శిబిరంలోకి, బురదలో చక్రాలు కూరుకుపోతూ ఒక ఆకుపచ్చ బండి వచ్చేది. అందులో తిరిగే చక్రాల పెట్టె, సూటు వేసుకున్న మనిషి, వాడి చేతిలో మైకు. గుడారాల వాళ్ళందరూ వరుసకట్టేవాళ్ళు, ఆడవాళ్ళు పెళ్ళికి వెళ్ళినట్టు ముఖాలు కడుక్కుని మరీ, రేడియోలో ముఖం కనబడదని తెలిసీ. మా అక్క అత్తగారి ఊరు అక్కడికి ఎంతో దూరం కాదు. గాడిద దానంతట అదే దారి కనుక్కుని వెళ్ళేంత దగ్గర. మధ్యలో ఎవరో కాగితం మీద ఒక గీత గీశారు. గీత అవతల అక్క, ఇవతల మేం. గాడిదలు దాటితే పరవాలేదు, మనుషులు దాటితే కాల్చేవారు. కాబట్టి పక్క ఊరి అక్కకి క్షేమం చెప్పాలంటే ఆకాశం దాకా వెళ్ళి రావాలి. అందరూ ఒకే తీరున చెప్పేవాళ్ళు, ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను ఫలానా ఊరి ఫలానాని. నేనూ, ఫలానా, ఫలానా, ఫలానా అందరం క్షేమం, మీ క్షేమం తెలిపి మా మనసు కుదుటపరచండి. అంతే. చావు సంగతి రేడియోలో చెప్పేవారు కాదు. చచ్చిన మనిషి పేరు చెప్పడం మానేసేవారు. గీత అవతల కాఫీ కొట్టు దగ్గర, కిటికీ బయట ఆడవాళ్ళు చెయ్యి తెరిచి నిలబడి, పేరు వినబడిన ప్రతిసారీ ఒక వేలు ముడిచేవాళ్ళు. ఏ ఇంటి వేలు ముడవకుండా మిగిలితే ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి రాజేసేవాళ్ళు కారు, ఇరుగుపొరుగు అన్నం తెచ్చి పెట్టేవాళ్ళు.

మా నాన్న పెద్దల దగ్గరినుంచి చిన్నవాళ్ళ వరకు క్రమంగా చెప్పాడు, మర్యాద కదా. తన పేరు, వాళ్ళమ్మ పేరు, మా అమ్మ పేరు, జరీఫా అని నా పేరు, చివర రిజ్క్. రిజ్క్ అప్పటికి పళ్ళూడిన పిల్లాడు, మైకు తన వంక తిప్పమని నాన్న చొక్కా లాగుతూనే ఉన్నాడు. నాన్న చెప్పాడు, నేను విన్నాను, అమ్మ విన్నది, మా వెనక నిలబడ్డవాళ్ళంతా విన్నారు. కొన్నాళ్ళకి అది రేడియోలో వచ్చింది. మేం కూడా మా కాఫీ కొట్టు బయట నిలబడి విన్నాం. నాన్న గొంతు, అదేదో డబ్బాలోంచి పెద్దమనిషిలా. నేనూ, మా అమ్మా, నా భార్యా, నా కూతురు జరీఫా, అని, వెంటనే పాట మొదలైంది. ఎవడో ఒకడు, ఎక్కడో చల్లని గదిలో కూర్చుని, టేపు పొడుగైందని చివర కత్తిరించాడు. వాడి కత్తెరకి తెలుసా తను కోసింది ఒక పిల్లాడినని? టీ తాగుతూ కోసుంటాడు. అప్పటినుంచీ నాకు ఈ జాతి మీద ఏవగింపు, ఈ పెట్టెల వెనక కూర్చునే జాతి, గొంతులు వాళ్ళ సొంత సరుకైనట్టు కొలిచి కోసే జాతి. అమ్మ అక్కడికక్కడే నాన్న భుజం మీద చెప్పుతో కొట్టింది, కత్తెరవాణ్ణి కొట్టడానికి అందడు కనుక. "వాడి పేరు ముందు చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది!" అని. నాన్న ఆ బండి కోసం ఎంత తిరిగాడో. ఒక కుటుంబానికి ఒక్కసారే, మళ్ళీ మీ వంతు వచ్చినప్పుడు చూద్దాం అన్నాడు సూటువాడు. పక్క గుడారంవాళ్ళ వంతులో చివర, తమామ్‌కి చెప్పండి రిజ్క్ బతికే ఉన్నాడు అని చెప్పించాం. అది కోయలేదు, వచ్చింది కూడా. కాని వినడానికి అక్క అక్కడ లేదు. ముడవని చిటికెన వేలుతో ఇంటికి వెళ్ళి, నల్లబట్ట కట్టుకుని, ఆ పెట్టె మాట ఇక ఈ జన్మలో విననని ఒట్టు పెట్టుకుంది. విన్నవాళ్ళు వచ్చి చెప్పినా ఓదార్పుకి అంటున్నారనుకుంది.

ఆ తర్వాత మా ఇంట్లో ఒక అలవాటు వచ్చింది, ఇప్పటికీ ఉంది. పేర్లు ఎప్పుడు చెప్పినా, ప్రార్థనలోనైనా సరే, చిన్నవాళ్ళ దగ్గరినుంచి మొదలుపెడతాం. కత్తెర పడితే పెద్దవాళ్ళ మీద పడనీ అని. గాజీకి ఇది ఎందుకో తెలియదు, చేస్తాడు. నిబాల్‌కి తెలుసు, నేను చెప్పాను.

తలుపు తెరుచుకుంది. ల్యాబు చూసుకునే ఇఖ్లాస్, పొద్దుతిరుగుడు గింజలు కొరికి తొక్కలు గుప్పెట్లో పట్టుకుని. "ఇంకా మొదలుపెట్టలేదు హజ్జా. మీ పిల్లకంటే ముందు ఇంకొకడిది ఉంది, వాడి పెట్టెలోంచి పొగ వస్తోంది. ఆ బొత్తాం తాకలేదు కదా?"

"తాకలేదు. చూస్తున్నాను, చూడటానికి కూడా అనుమతి కావాలా?"

"చూడండి, చూడండి. పోయినేడు ఒక తాతగారిని తెచ్చారు ఇలాగే. ఆయన చూస్తూ చూస్తూ మైకు ముందే నిద్రపోయాడు. గురక అవతల హాల్లో బ్రహ్మాండంగా వినబడింది, ఆ కుర్రాడికి మంచి మార్కులే వచ్చాయి." గింజ ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఈ కాలేజీలో బుద్ధున్నది ఈ ఒక్కత్తికే.

ఎక్కడున్నాను? అక్క. అరవై ఏడు యుద్ధం అయ్యాక అదే గీతని అదే మనుషులు చెరిపేశారు, ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు రావచ్చన్నారు. ఒక మధ్యాహ్నం మా ఇంటి తలుపు చప్పుడైంది. తలుపు తీసింది రిజ్క్. మీసాలొచ్చినవాడు, ఒంటి మీద బనీను, చేతిలో సగం కొరికిన దోసకాయ. గుమ్మంలో నల్లబట్టల మనిషి, పక్కన ఒక పిల్లాడు. "ఎవరు కావాలి?" అన్నాడు వీడు. "ఇది అబూ రిజ్క్ ఇల్లేనా?" అంది అక్క. అబూ రిజ్క్ అంటే రిజ్క్ తండ్రి, మా నాన్న. "అవును, నేనే రిజ్క్" అన్నాడు. అక్క వాడి చెంప పగలగొట్టింది. రెండో చెంప కూడా. అప్పుడు వాడి మెడ పట్టుకుని కూలబడింది. వాడు ఇంకా దోసకాయ వదల్లేదు. మేం లోపలినుంచి పరిగెత్తుకొచ్చేసరికి ఆ పిల్లాడు భయపడి ఏడుస్తున్నాడు, అమ్మ వాణ్ణి దగ్గరికి తీసుకుని "నీ పేరేంటి నాన్నా?" అంటే "రిజ్క్" అన్నాడు. మా వాళ్ళలో పోయిన తోబుట్టువు పేరు పుట్టిన బిడ్డకి పెట్టుకుంటారు, బతికున్నవాడి పేరు అలా పెట్టరు, ఆయుష్షు పంచుకున్నట్టవుతుందని. కత్తెర పుణ్యమా అని మా ఇంట్లో ఇద్దరు రిజ్క్‌లు, ఇద్దరూ బతికున్నవాళ్ళు. నాన్న ఏడుస్తూ నవ్వాడు, "ఒకణ్ణి కోస్తే ఇద్దరు మొలిచారు" అన్నాడు. ఆ సాయంత్రం అక్క నల్లబట్ట విప్పి, అమ్మ పూలగౌను వేసుకుంది. వెళ్ళేటప్పుడు మాత్రం రిజ్క్ చెయ్యి వదల్లేదు. బస్సు కదిలినా వదల్లేదు, వాడు బస్సుతోపాటు పరిగెత్తాడు. నా బతుకంతా ఎవరో ఒకరు కదిలే బండి వెంట పరిగెత్తడమే. మరుసటేడు మా ఆయన నన్ను నది దాటించి ఈ జర్కాకి తెచ్చాడు, ఆ వెనకే రిజ్క్ వచ్చాడు, అక్క అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు ఫోన్లు వచ్చాయి. ఒక్కొక్కడి జేబులో ఒక రేడియో స్టేషన్ ఉంది, చెప్పడానికి ఏమీ లేదు. గాజీ పొద్దస్తమానం వేలితో అద్దం రుద్దుతూ ఉంటాడు, ఏం చూస్తున్నావురా అంటే ఏం లేదమ్మా అంటాడు, నిజమే చెబుతాడు. నిబాల్ పుస్తకాలన్నీ నేను చదివాను, ఊరికే దాని పక్కన కూర్చుని కాదు, అక్షరం అక్షరం. నాకు బడి లేదు. బఠాణీలు కట్టిచ్చిన పాత పత్రికల మీద చదువు నేర్చుకున్నాను, అందుకే ఏ కాగితం దొరికినా చివరిదాకా చదవందే వదలను. ఆ పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది, పంపేవాడు, సందేశం, దారి, అందుకునేవాడు. నాలుగు గళ్ళు, మధ్య బాణాలు. దారిలో అడ్డం వచ్చే అనవసరపు శబ్దాన్ని తీసెయ్యడమే ఈ విద్య అట. మరి పంపేవాడే అబద్ధమాడితే? దానికి గడి లేదు. రిజ్క్ పోయిన రోజు గాజీ, అక్కడ అక్క కొడుకు రిజ్క్, రెండు ఒడ్డుల పిల్లలూ ఫోన్లో కూడబలుక్కున్నారు. పెద్దామె గుండె ఆగిపోతుంది, చెప్పొద్దు అని. అప్పటినుంచీ అక్క ఫోన్ చేసినప్పుడల్లా గాజీ నా పక్కన కూర్చుంటాడు, చెయ్యి ఫోన్ దగ్గరే ఉంటుంది. "రిజ్క్ ఏడే?" అంటుంది అక్క. "మసీదుకెళ్ళాడు ఖాలా" అంటాడు వీడు, నా నోటికంటే ముందు. ఇంకోసారి నిద్రపోతున్నాడు, ఇంకోసారి గొంతు పోయింది, మాట రావట్లేదు. మా తమ్ముడు బతికుండగా కూడా ఇన్నిసార్లు మసీదుకెళ్ళలేదు. నేను ఒకసారి "అక్కా" అని మొదలుపెట్టగానే ఫోన్ లాక్కుని, "సిగ్నల్ పోయింది ఖాలా" అని కట్టేశాడు. సిగ్నల్! అప్పుడు సూటువాడి కత్తెర, ఇప్పుడు నా కొడుకు బొటనవేలు. చదువుకున్నవాడైనా చదువుకోనివాడైనా, చేతికి పెట్టె ఇస్తే ముందు చేసేది కోయడమే. పోయిన తమ్ముడి కోసం నేను గట్టిగా ఏడవనన్నా ఏడవలేదు. ఏడిస్తే గొంతు బొంగురుపోతుందని, అక్క పట్టేస్తుందని, "అమ్మా, ఫోన్ రోజు ఏడవకు" అనేవాడు గాజీ. ఏ రోజు ఫోన్ రోజు కాదు? అలాగే గొంతులో పెట్టుకుని కూర్చున్నాను, మింగని అన్నం ముద్దలా.

ఈ గదిలో గాజీ లేడు. ఎవరూ లేరు. ఫోన్ మీద ఎవరి చెయ్యీ లేదు. నా పిల్ల రెండేళ్ళు కూర్చుని, తనకి తెలియకుండానే, నాకూ మా అక్కకీ మధ్య ఎవరూ చెయ్యి పెట్టలేని దారి ఒకటి వేసింది. ఆ దారి మీద ఏం పంపాలి? పేరు పంపనా? రిజ్క్ క్షేమం అని, ఈ నోటితో? అక్క ఆ వేలు ముడుచుకుని హాయిగా ఉంటుంది, గుండె ఆగదు, పిల్లలు మెచ్చుకుంటారు. పంపకుండా, దగ్గుతో కప్పెయ్యనా? పక్క పేరుతో తొందరగా దాటేస్తే? కాని దాటేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అక్క నమ్మదు. మళ్ళీ కోసేశారే అంటుంది, ఒకసారి అలా మోసపోయింది కదా. తెలియాలంటే ఆ పేరున్న చోట ఖాళీ వినబడాలి, కోసినట్టు కాదు, వదిలినట్టు. ఖాళీ వినబడాలంటే ఆగాలి. ఆగితే పిల్ల మార్కులు పోతాయి, బస్సు సందు చివర ఆగుతుంది. ఇందాక నన్ను ఈ గదిలో కూర్చోబెడుతుంటే అడిగాను దాన్ని, ఊరికే, ఏమీ ఎరగనట్టు, "లింకు తెగితే స్పీకర్లో ఏం వినబడుతుందే?" అని. "నూనెలో వడలు వేయించినట్టు హోరు వస్తుంది నానమ్మా." "మరి తెగకుండా మనిషే ఊరుకుంటే?" "అప్పుడు హోరు రాదు. ఉత్త నిశ్శబ్దం, శుభ్రంగా." "ఆ తేడా వాళ్ళకి తెలుసా?" పిల్ల నవ్వింది, "తెలియాలి, అదే కదా వాళ్ళు నేర్పేది" అంది. తెలియాలి! ఈ మనుషుల చెవుల మీద నమ్మకం పెట్టుకుని నేను నా పిల్ల బతుకు పణం పెట్టాలా? ఆ నూనె జుట్టువాడు వినడు. వాడికి లెక్కలు కావాలి, ఒకటి రెండు మూడు. నిబాల్, నన్ను ఇక్కడికి ఎందుకు తెచ్చావే, పోయినేడు తాతలా నిద్రపోయేదాన్నైతే ఎంత బాగుండేది.

బల్బు వెలిగింది.

ఇంత చిన్న వెలుగుకి ఇంత భయమా. ఇఖ్లాస్ ఇచ్చిన గింజ ఇంకా చేతిలోనే ఉంది. ఆ స్పాంజి టోపీ వంక చూసి మొదలుపెట్టాను. నాన్న గొంతు ఎలా పెద్దమనిషిలా వచ్చిందో, నాదీ అలాగే వచ్చింది. "నేను జరీఫాని, జర్కా నుంచి. మా అక్క తమామ్‌కి, ఉమ్మల్ ఫహమ్‌కి. నిబాల్ క్షేమం. ఈ పెట్టె దాని చేతి పని, మంచి పని. ఇంతిసార్ క్షేమం. గాజీ క్షేమం."

చిన్నవాళ్ళ దగ్గరినుంచి పైకి. గాజీ తర్వాత, నాకు ముందు, ఎప్పుడూ వాడే. నాలుక ఆ పేరుకి అలవాటు పడింది, దానంతటదే లేచింది, పళ్ళకి తగిలింది. ఆపాను. ఆపి, కదలకుండా కూర్చున్నాను. దగ్గలేదు. మైకుకి దగ్గరగా వంగి ఊపిరి మాత్రం తీసుకున్నాను, నేను పోలేదని, దారి తెగలేదని. ఒక పేరు చెప్పడానికి పట్టేంత కాదు, అంతకంటే ఎక్కువ. వాడు తలుపు తీసి, దోసకాయ కొరుకుతూ, ఎవరు కావాలి అనేంత సేపు. కిటికీ అవతల ఎవరో పిల్లలు నవ్వుతున్నారు. అప్పుడు అన్నాను, "నేనూ క్షేమమే. అక్కా, నీకూ, నీ కొడుకు రిజ్క్‌కీ మా సలాములు. మీ క్షేమం తెలిపి మా మనసు కుదుటపరచండి." ఆ పేరు అటు ఒడ్డునే పలికింది. ఇటు ఒడ్డున లేదు.

బల్బు ఆరిపోయింది. మెట్ల మీద పరుగు. తలుపు గోడకి కొట్టుకునేలా తోసుకుని నిబాల్ వచ్చింది, చేతిలో ఫోన్. "ఎందుకాగావు నానమ్మా? చచ్చిపోయాను! లువాయ్ సార్ కలం ఎత్తాడు, లింకు పోయిందని రాయబోయాడు. బయటినుంచి వచ్చిన పెద్ద మేడమ్ ఆయన చెయ్యి పట్టుకుంది, ఉండండి, హోరు లేదు, ఆవిడ ఊపిరి వినిపిస్తోంది అంది. హాలంతా నీ ఊపిరి విన్నారు, తెలుసా? పాసయ్యాను, గొప్పగా కాదు, పాసయ్యాను. నువ్వు ఎందుకు..." అని, ఆగింది. పేర్లు ఏ క్రమంలో చెబుతామో దానికి తెలుసు. నా ముఖం చూసింది, ఫోన్ చూసింది, అప్పుడు దానికి అర్థమైంది తను ఏ దారి వేసిందో. చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతోంది. పిల్ల దాన్ని కట్టెయ్యలేదు. నా చెవి దగ్గర పెట్టింది, పెట్టి తన చెయ్యి తీసేసింది.

"జరీఫా," అంది అక్క. వెనక ఆమె కొడుకు "అమ్మా, నాకియ్యి, అమ్మా" అంటున్నాడు. "నువ్వు నోరు ముయ్యరా. జరీఫా, చెప్పు. కోశారా?"

కోశారని చెప్పొచ్చు. కాలేజీ కదా, యంత్రం కదా, చెడిందని చెప్పొచ్చు. నమ్ముతుంది.

"లేదక్కా. ఈసారి ఎవరూ కోయలేదు."

అవతల ఏమీ లేదు. హోరు లేదు. శుభ్రంగా.

"ఎప్పుడు?"

"చలికాలంలో. వాన పడుతున్న రాత్రి. నిద్రలోనే."

"మసీదుకి అంటే నేను నమ్మాననుకున్నారు గాడిదలు." ఊపిరి తీసింది, చాలాసేపు తీసింది. "నువ్వు ఏడ్చావా?"

"ఏడవనివ్వలేదక్కా."

"నా వంతు నేను ఎప్పుడో ఏడ్చేశానే, వాడు దోసకాయలు తింటుండగానే. ఇక నీ వంతు. ఏడు. నేను వింటాను."